ఉపవాసం, ఉపోసథం: ఎవరి దగ్గర ఎవరుంటారు?

తొలి ఏకాదశికీ, మహాశివరాత్రికీ ప్రవచనాలలో తరచు వినిపించే 'ఉపవాసమంటే దేవునికి దగ్గరగా ఉండటం' అనే వివరణ మీద సాగుతున్న ఈ చర్చకు ఒక చేర్పు. 'ఉప' అంటే సమీపం, 'వాసం' అంటే ఉండటం. అంతవరకు పేచీ లేదు. అయితే ఎవరి దగ్గర ఎవరుంటారన్న విషయంలో యాగవిధులను వివరించే వైదిక గ్రంథం శతపథ బ్రాహ్మణం, దాని ప్రథమ కాండంలో, చెప్పేది ఇందుకు తలకిందులుగా ఉంది. యజమాని (యాగకర్త) మరునాడు యాగం చేయబోతున్నాడని తెలిసి దేవతలే ముందునాడు వచ్చి అతని ఇంట బస చేస్తారు కనుక ఆ రోజు 'ఉపవసథం' అయిందనీ, ఇంటికి వచ్చిన మనుషులకంటే ముందు భోంచేయడమే తగనప్పుడు దేవతలకంటే ముందు తినడం బొత్తిగా తగదనీ అక్కడ ఉంది. అంటే తిండి మానడమన్న అర్థం ధాతువులో లేదు, అతిథి మర్యాద వెంట వచ్చి చేరింది. అదే సందర్భంలో యాజ్ఞవల్క్యుడు, హవిస్సుగా వేయని అడవి ధాన్యమో చెట్టు పండో తింటే తిన్నా తిననట్లేనని సడలింపు కూడా ఇస్తాడు. (ఏకాదశి రాత్రి ఉప్మాను 'పలహారం' అనే మన ఇళ్ళను చూస్తే ఆయన ఏమనేవాడో!)

ఈ ఉపవసథమే బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో 'ఉపోసథం'. ఇతర పరివ్రాజకులు (సంచార సన్న్యాసులు) పక్షంలో 8, 14, 15వ రోజులలో కూడి ధర్మం చెబుతున్నారు కనుక బౌద్ధ భిక్షువులు కూడా అలా కూడితే బాగుంటుందని మగధ రాజు బింబిసారుడు బుద్ధునికి విన్నవించినట్లు, భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలోని మహావగ్గం చెబుతుంది. సింహళంలో ఆ మాట మరింత అరిగి 'పోయ' అయింది. శ్రీలంకలో ప్రతి పున్నమీ పోయ దినమే, ప్రభుత్వ సెలవే; వైశాఖ పున్నమి వెసక్, జ్యేష్ఠ పున్నమి పొసొన్. ఆ రోజు తెల్లబట్టలు కట్టుకొని అష్టశీలాలు (ఎనిమిది నియమాలు) స్వీకరించిన గృహస్థులు మధ్యాహ్నం దాటాక మరునాటి ఉదయం వరకు భోజనం చేయరు.

ఒక్కపూట మాత్రమే తినే మన 'ఒక్కపొద్దు', ఆ పూట మధ్యాహ్నమైతే, ఈ ఆచారానికి బాగా దగ్గరగా ఉంది. పగలంతా ఆగి చుక్కలు చూసి తినే కార్తీక నక్తం దీనికి సరిగ్గా ఎదురు. ఇంకొకటి గమనించండి: మనం ఉపవాసం 'చేస్తాం' అనడం కంటే 'ఉంటాం' అనడమే ఎక్కువ, ఒక్కపొద్దు కూడా 'ఉంటాం'. సంస్కృత 'వస్' ధాతువుకు తెలుగు 'ఉండు' ఇలా తోడుకావడం అనువాదం వల్లనని నేను అనను కానీ, ఈ రెండూ పక్కపక్కన నిలవడం మాత్రం ముచ్చటగా ఉంది.

మీ ప్రాంతంలో ఒక్కపొద్దు ఉన్నవారు భోంచేసేది పగలా, రాత్రా? జిల్లా పేరుతో సహా తెలియజేయగలరు.