పేరు పలక లేని 16 అంగుళాల స్క్రోల్ సా: ఏ పార్ట్ ఏ సైజో ఎలా తేల్చుకోవాలి?

చెక్కపొట్టు:
రాణీగంజ్‌లో పాత సామాన్ల కొట్టులో ఒక స్క్రోల్ సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే రంపం మెషీన్) తీసుకున్నాను. కంపెనీ స్టిక్కర్ ఊడిపోయింది. మోటారు మీద 120 వోల్టులు, 1.2 ఆంపియర్లు అని మాత్రం కనిపిస్తోంది. స్పీడ్ నాబ్ ఉంది. బ్లేడు నుంచి వెనక స్తంభం దాకా 405 మి.మీ. పైన ఒక చేయి, కింద ఒక చేయి, రెండింటినీ వెనకవైపు ఒక పొడవాటి బోల్టు కలుపుతోంది. పిన్నులేని 5 అంగుళాల బ్లేడు పడుతుంది.

సమస్యలివి. స్పీడు పెంచేకొద్దీ టకటకమని కొట్టుకుంటోంది. నాబ్ తిప్పితే స్పీడు సగంలో ఎగిరెగిరి పడుతోంది. పై క్లాంపు స్క్రూ మర అరిగి బ్లేడు జారిపోతోంది. పొట్టు ఊదే రబ్బరు తిత్తి చిరిగింది. మోడల్ నంబరు తెలియకుండా పార్టులు ఎలా తెప్పించుకోవాలి? బేరింగులన్నీ ఒకేసారి మార్చేస్తే సరిపోతుందా?

లేత్‌మిత్రుడు:
మోడల్ నంబరు కోసం వెతకడం మానేయండి. ఈ 16 అంగుళాల సమాంతర చేతుల రకం ఒకే పోత మీద రంగులు మార్చి రకరకాల పేర్లతో అమ్మారు. పేరు దొరికినా ఆ పార్టులు ఇక్కడికి రావడం కష్టం. కొలతలు పట్టుకుంటే మాత్రం అన్నీ ఇక్కడే దొరుకుతాయి, లేదంటే లేత్ మీద చేయించుకోవచ్చు.

బేరింగులు అన్నీ మార్చడం కూడా ఇప్పుడే వద్దు. ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చండి. ప్లగ్ పీకి, బ్లేడు తీసేసి, వెనక బోల్టు వదులు చేయండి. అప్పుడు రెండు చేతులూ దేనికదే విడిగా ఆడతాయి. మోటారు ఎక్సెంట్రిక్‌ను (ఇరుసు మీద కేంద్రం తప్పించి బిగించిన చక్రం) ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, కింది చేయి ముందు కొసను పైకీ కిందికీ ఆడించండి. అక్కడ టక్కుమంటే లోపం కనెక్టింగ్ రాడ్డు (ఎక్సెంట్రిక్‌ను చేతికి కలిపే కడ్డీ) బేరింగుదే. తర్వాత రెండు చేతులనూ అడ్డంగా ఊపి చూడండి. అడ్డంగా ఊగితే అది వెనక పివట్ బుష్, అంటే చేయి ఆడే పిన్ను చుట్టూ ఉండే లోహపు గొట్టం. బుష్‌ల మధ్య దూరం 40 మి.మీ. అనుకుంటే, అక్కడి 0.1 మి.మీ. లూజు 400 మి.మీ. అవతల చేయి కొసకి వచ్చేసరికి 1 మి.మీ. అవుతుంది. అందుకే బుష్ దగ్గర కొంచెమే కదా అని వదిలేయకండి, కొసన పెద్దగా కదులుతోందని కంగారూ పడకండి.

బేరింగు బయటికి తీస్తే నంబరు పక్కన చెక్కి ఉంటుంది. చెరిగిపోతే వెర్నియర్‌తో లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం తీసుకోండి. 8, 22, 7 అయితే 608. 10, 26, 8 అయితే 6000. 10, 30, 9 అయితే 6200. చెక్కపొట్టు ఉండే మెషీన్ కాబట్టి రెండువైపులా రబ్బరు సీలు ఉన్న 2ఆర్‌ఎస్ అడగండి. రేకు మూత ఉన్న జడ్‌జడ్ రకంలోకి సన్నపొట్టు పోయి గ్రీజును పిండి ముద్ద చేస్తుంది. బంతుల బదులు సన్నటి రోలర్లు ఉంటే అది నీడిల్ బేరింగు. 8, 12, 10 ఉంటే హెచ్‌కె0810 అని అడిగితే ఇస్తారు.

సుత్తితో కొట్టి ఎక్కించకండి. అల్యూమినియం పోత చేయి పగిలితే అతుకు వేయించడం పెద్ద పని. పొడవు బోల్టు, రెండు వాషర్లు, బేరింగు బయటి రింగుకి సరిపడే సాకెట్ పెట్టి నట్టు బిగించుకుంటూ లోపలికి లాగండి.

వైండింగ్_వాసు:
కరెంటు సంగతి నేను చెప్తాను. 120 వోల్టుల యంత్రాన్ని నేరుగా 230లో పెడితే స్పీడ్ బోర్డు మొదటి నిమిషంలోనే పోతుంది. 1.2 ఆంపియర్లంటే దాదాపు 144 వోల్ట్ ఆంపియర్లు. స్టార్టింగ్ తోపు కూడా కలుపుకుని 500 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. చేతిలో పట్టేంత చిన్న డబ్బా మీద 1600 వాట్లు అని రాసి ఉండే ప్రయాణాల కన్వర్టర్లు దీనికి పనికిరావు. అవి హీటర్ లాంటి వాటికే. లోపల ఉన్నది థైరిస్టర్ కోత (కరెంటు అలలో కొంత ముక్క కోసి వోల్టేజీ తగ్గించే పద్ధతి), దాని మీద ఇంకో స్పీడ్ బోర్డు వేస్తే రెండూ కొట్టుకుంటాయి.

మోటారు రెండు పక్కలా స్క్రూడ్రైవర్ గాడి ఉన్న ప్లాస్టిక్ మూతలు ఉన్నాయా? ఉంటే అది కార్బన్ల (బ్రష్‌ల) మోటారు, 60 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ తేడా పట్టించుకోనక్కర్లేదు. మూతలు లేకుండా కెపాసిటర్ ఉండే ఇండక్షన్ మోటారు అయితే 1725కి బదులు 1425 దగ్గర తిరుగుతుంది, కొంచెం వేడీ ఎక్కువే. నాబ్ ఉందన్నారు కాబట్టి మీది మొదటి రకమే అయ్యుండాలి.

నాబ్ సగంలో స్పీడు ఎగరడానికి ముందు అనుమానించాల్సింది పొటెన్షియోమీటర్ని (నాబ్ కింద ఉండే, తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం), బోర్డుని కాదు. ప్లగ్ తీసి, దాని మూడు వైర్లలో రెండు విప్పి, మల్టీమీటర్‌తో మధ్య కాలుకీ పక్క కాలుకీ ఓమ్స్ చూస్తూ నెమ్మదిగా తిప్పండి. అంకె నున్నగా ఎక్కాలి, ఎక్కడైనా తెగిపోతే అదే దొంగ. వెనక బి అక్షరంతో ఉన్న అంకె దాని విలువ, బి అంటే సరళ రకం. అదే విలువ, ప్లాస్టిక్ ఇరుసు ఉన్నదే వేయండి. ఈ బోర్డుల్లో పొటెన్షియోమీటర్ కాళ్ల మీద మెయిన్స్ వోల్టేజీ ఉంటుంది, నడుస్తుండగా వేలు పెట్టకండి.

కార్బన్లు 6 మి.మీ. కంటే పొట్టివైతే మార్చండి. వెడల్పు, మందం, పొడవు మూడూ కొలవండి. సరిగ్గా దొరక్కపోతే ఒక సైజు పెద్దవి కొని, గాజు మీద సన్న ఇసుక కాగితం పరిచి రుద్ది సరిచేయండి. గాడిలో సులువుగా జారాలి, ఊగకూడదు. వేశాక పది పదిహేను నిమిషాలు బ్లేడు లేకుండా నడపండి.

చెక్కపొట్టు:
అండీ, విప్పి చూశాను. కనెక్టింగ్ రాడ్డు బేరింగు 8, 22, 7. పొటెన్షియోమీటర్ మధ్యలో తెగుతోంది, అనుమానం నిజమే. పై చేయి కూడా అడ్డంగా ఊగుతోంది. పివట్ పిన్ను చివర 11.98, బుష్ ఆడే చోట 11.85. బుష్ ఒక్కటీ మారిస్తే చాలా? క్లాంపు స్క్రూ బయటి వ్యాసం 4.75, పది మరలు 8 మి.మీ. లోపే. ఎం5 అనుకోవచ్చా?

లేత్‌మిత్రుడు:
చాలదు. పిన్ను 0.13 అరిగింది, కొత్త బుష్ దాని మీద మళ్లీ లూజే. 12 మి.మీ. సిల్వర్ స్టీల్ రాడ్డు ముక్క కోయించి పిన్ను చేయించండి. బుష్ గన్‌మెటల్‌తో తీయించండి: చేతిలోని రంధ్రం కంటే బయటి వ్యాసం 0.03 నుంచి 0.04 ఎక్కువ. ఎక్కించాక లోపలి రంధ్రం కొంచెం బిగుసుకుంటుంది కాబట్టి ముందే 12కి తోడించకండి. ఎక్కించిన తర్వాతే 12 హెచ్7 రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి నున్నగా తీసే పనిముట్టు) వేయించండి. నూనె రంధ్రం ఒకటి మర్చిపోకూడదు. పాత బుష్ లోహపు పొడిని అదిమి చేసిన, నూనె పీల్చుకున్న రకమైతే దానికి గ్రీజు పెట్టరు, ఎస్‌ఏఈ 30 చుక్కలే.

ఇక స్క్రూ. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఎం5 స్క్రూ పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 0.8, అమెరికన్ 10-32 స్క్రూ పిచ్ 0.794. పది మరలు కొలిస్తే తేడా తెలియదు, వ్యాసమే చెప్పాలి. 4.8 లోపు ఉంటే 10-32. దాని గాడిలో ఎం5 తిప్పితే రెండు చుట్లు వెళ్లి బిగుసుకుంటుంది, బలవంతం చేస్తే మర పోతుంది. బహుశా మీకు ముందు వాడినవాళ్లు చేసింది అదే. క్లాంపు గోడ ఇంకా 3 మి.మీ. మిగులుతుంటే 5.0 డ్రిల్లు వేసి ఎం6 ట్యాపు కొట్టి, చదును ముఖం ఉన్న గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) పెట్టండి. మొన తేలినది వద్దు, బ్లేడును ఒక్క బిందువు దగ్గర నొక్కి విరిచేస్తుంది.

రంపంరాజా:
తిత్తి గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని వెతికి కొనడం దండగ. చేపల తొట్టి గాలి పంపు, దాని 4 మి.మీ. సన్న గొట్టం తెచ్చి పాత ముక్కుకి తగిలించండి. స్పీడు తగ్గించినా గాలి తగ్గదు, అదొక లాభం. పాత తిత్తి తీసేయండి, చేతికి ఊరికే బరువు.

ఒకటి ముందే చెప్తున్నా. అన్నీ బిగించాక బ్లేడు గీత వదిలి కుడివైపుకి లాగితే మళ్లీ విప్పకండి. అచ్చులో గుద్ది తీసిన బ్లేడుకి ఒక పక్క బర్రు (పైకి లేచిన గరుకు అంచు) ఉంటుంది, అందువల్లే. చెక్కను కొంచెం పక్కకి తిప్పి తోయాలి. కానీ బ్లేడు తరచూ క్లాంపు దగ్గరే విరుగుతుంటే అది వేరే, పై క్లాంపూ కింది క్లాంపూ ఒకే నిలువులో లేవు. టేబుల్ మీద చిన్న మూలమట్టం పెట్టి చూడండి. కొత్త బ్లేడు కొసలకి కంపెనీ నూనె ఉంటుంది, అది థిన్నర్‌తో తుడవకపోతే ఎంత మంచి స్క్రూ వేసినా జారుతుంది.