సీటీ స్కాన్ చూసి వైరల్ న్యుమోనియా అని తేల్చేయొచ్చా?

సురేంద్ర:
తేల్చొచ్చనే నా వాదన. కోవిడ్ న్యుమోనియానే తీసుకోండి. 2020 ఫిబ్రవరిలో చైనాలోని వూహాన్ నుంచి 1014 మంది మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఆర్టీ-పీసీఆర్, అంటే ముక్కు, గొంతు స్వాబ్‌లో వైరస్‌ను వెతికే పరీక్ష, పాజిటివ్ వచ్చినవాళ్లలో 97 శాతం మందికి సీటీలోనూ మార్పులు కనిపించాయి. మొత్తం మీద పీసీఆర్ 59 శాతం మందినే పట్టుకుంటే, సీటీ 88 శాతం మందిని పట్టుకుంది. స్వాబ్ సరిగ్గా తీయకపోయినా, వైరస్ ముక్కు, గొంతు దాటి కిందికి దిగిపోయినా పీసీఆర్ నెగెటివ్ రావచ్చు. అదే నెలలో వూహాన్ ఉన్న హుబే ప్రావిన్సు సీటీ మీద ఆధారపడి కేసులు లెక్కిస్తే ఒక్కరోజే 13 వేలకు పైగా చేరాయి. ఆయాసపడుతున్న మనిషిని రిపోర్టు వచ్చేదాకా ఆగమనడం న్యాయమా?

భార్గవి:
సురేంద్ర గారూ, ఆగమని నేనూ అనను. కానీ అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. పీసీఆర్ నెగెటివ్ వచ్చిన 413 మందిలో 308 మందికి సీటీ పాజిటివ్ అంది. అంటే స్పెసిఫిసిటీ, జబ్బు లేనివాళ్లను లేదని సరిగ్గా చెప్పే శాతం, పీసీఆర్‌తో పోలిస్తే 25 మాత్రమే. ఈ అంకె పక్కన పెట్టి 97 ఒక్కటే చెబితే, సీటీ దాదాపు తప్పే చేయదన్న భ్రమ కలుగుతుంది.

సురేంద్ర:
ఆ 308 మందిలో 48 శాతం మందికి జబ్బు ఉండే అవకాశం చాలా ఎక్కువని, మరో 33 శాతం మందికి ఉండొచ్చని ఆ పరిశోధకులే రాశారు కదండీ. తప్పింది పీసీఆర్, సీటీ కాదు.

భార్గవి:
అలా అని వాళ్లు దేన్నిబట్టి తేల్చారో కూడా చూడండి. లక్షణాలు, సీటీలో కనిపించిన తీరు, తర్వాత తీసిన సీటీల్లో మార్పు. సీటీ నిజం చెప్పిందా అన్న ప్రశ్నకు సీటీనే సాక్షిగా పిలిచారు! పీసీఆర్‌కు లోపాలున్నాయి, నిజమే. కానీ కొలబద్ద కాస్త వంకరగా ఉందని, కొలవాల్సిన వస్తువునే కొలబద్దగా వాడుకుంటామా?

తర్వాత చాలా అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ అనే సంస్థ సమీక్ష, 2022 నాటి లెక్క ప్రకారం, కోవిడ్ విషయంలో సీటీకి సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టుకునే శాతం) సుమారు 87 శాతం, స్పెసిఫిసిటీ 78 శాతం ఇచ్చింది. బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. వెయ్యి మందికి తీశామనుకుందాం, అందులో జబ్బున్నవాళ్లు 100 మంది. సీటీ 87 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 900 మందిలో దాదాపు 200 మందికి కూడా ఉందంటుంది. పాజిటివ్ అన్నవాళ్లలో నిజంగా జబ్బు ఉండేది మూడోవంతు కంటే తక్కువ మందికే. అదే వెయ్యిలో సగం మందికి జబ్బు ఉంటే, పాజిటివ్ అన్న ప్రతి ఐదుగురిలో నలుగురికి నిజంగా ఉంటుంది. మెషిన్ అదే, చదివే డాక్టరూ అదే. వూహాన్‌లో అప్పుడున్నది ఈ రెండో పరిస్థితి. ఆ అంకెలను తెచ్చి మామూలు రోజుల్లో దగ్గుతో వచ్చిన అందరికీ అంటగట్టకూడదు.

కామేశ్వరి:
మరి సీటీ నార్మల్ వస్తే ధైర్యంగా ఉండొచ్చా అండీ? ఎక్స్‌రే సరిపోదా? రిపోర్టులో గ్రౌండ్ గ్లాస్ అని చూడగానే ఇంట్లో అందరికీ టెన్షన్.

భార్గవి:
కామేశ్వరి గారూ, మొదటి రోజుల్లో నార్మల్ వస్తే అంత ధైర్యం వద్దు. కోవిడ్ లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు తీసిన సీటీల్లో సగానికి పైగా నార్మల్‌గానే ఉన్నట్టు 2020లోనే ఒక అధ్యయనం చూపింది. ఎక్స్‌రే ఇంకా బలహీనం. కాక్రేన్ లెక్కలో దానికి సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ రెండూ 73 శాతం దగ్గరే ఉన్నాయి. ఇక గ్రౌండ్ గ్లాస్ అంటే ఆ చోట గాలిగదులు కొంత నిండాయనో, వాటి గోడలు మందమయ్యాయనో అర్థం. ఫ్లూ, అడినోవైరస్, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో చేరే నీరు, రక్తస్రావం, కొన్ని మందుల దుష్ప్రభావం, ఎయిడ్స్ రోగుల్లో వచ్చే న్యూమోసిస్టిస్ అనే ఫంగస్ న్యుమోనియా... అన్నీ అలాగే కనిపించగలవు. అంచుల వైపు, రెండు పక్కలా, కింది భాగాల్లో ఎక్కువగా ఉంటే కోవిడ్ అనుమానం పెరుగుతుంది, అంతవరకే.

సురేంద్ర:
నా మాట మార్చుకోను. రోగులు వరుస కట్టిన రోజున, టెస్టు కిట్లు లేనప్పుడు, ఎవర్ని వేరే వార్డులో పెట్టాలో చెప్పేది సీటీనే. ఛాతీ స్కాన్ల నిపుణుల సంఘమైన ఫ్లైష్నర్ సొసైటీ 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన సూచనలు కూడా వనరులు తక్కువైన చోట దానికి చోటిచ్చాయి.

భార్గవి:
ఆ చోటు ఇవ్వాల్సిందే, అందులో మనకు తేడా లేదు. అయితే లక్షణాలు లేనివాళ్లకు స్క్రీనింగ్‌గా వద్దని అవే సూచనలు చెప్పాయి. వేరే వార్డులో పెట్టడం ఒక నిర్ణయం, రోగ నిర్ధారణ ఇంకొకటి. రిపోర్టులో "వైరల్ న్యుమోనియా" అని ఖాయంగా రాసేస్తే, గుండె వల్ల నీరు చేరిన మనిషికి నీరు తీసే మందు ఆలస్యమవుతుంది. నాకు భయం అక్కడే. అందుకే అనుమానం ఏ స్థాయిలో ఉందో, ఇంకేమేం అయి ఉండొచ్చో రిపోర్టులోనే రాయాలంటాను. డచ్ రేడియాలజిస్టులు కో-రాడ్స్ అని ఒకటి నుంచి ఐదు దాకా అనుమానానికి మెట్లు పెట్టింది ఇందుకే. స్వాబ్‌లో పాజిటివ్ తేలాక ఆరో మెట్టు ఇస్తారు, సీటీ తనంతట తాను ఆ మెట్టు ఎక్కలేదు.