ఓటు వేయడం: ‘పుట్’ కాదు, ‘కాస్ట్’

ప్రశ్న:
మాష్టారూ, ఇంగ్లీషు వ్యాసంలో ‘పుట్ ద వోట్’ అని రాస్తే తప్పని కొట్టేశారు. మనం ఓటు వేస్తాం కదా, వేయడమంటే పుట్ కాదా? ఇంకొకటి. ‘పోల్స్’ అన్న మాట ఒకచోట సర్వేగా, మరోచోట ఎన్నికగా కనబడుతోంది. ఎలా పోల్చుకోవాలి?

జవాబు:
మీ తెలుగు ఆలోచన సరైనదేనండీ, దానికి ఎంచుకున్న ఇంగ్లీషు మాటే కుదరలేదు. మనం వల వేస్తాం, లంగరు వేస్తాం, మంత్రం వేస్తాం. ఈ మూడింటికీ ఇంగ్లీషులో ‘కాస్ట్’ వాడతారు. ఓటుకీ అదే: ‘కాస్ట్ ఎ వోట్’. కాస్ట్ అంటే మొదట విసరడం, వేయడం. ప్రాచీన గ్రీకులు కొన్నిచోట్ల గులకరాళ్లు వేసి ఓటు చెప్పేవారు. ఎన్నికల విశ్లేషణను ‘సెఫాలజీ’ అంటున్నది గులకరాయి అనే గ్రీకు మాటను బట్టే. ‘బ్యాలట్’ కూడా చిన్న బంతి అనే ఇటాలియన్ మాట నుంచి వచ్చింది. కాబట్టి ‘ఓటు వేయడం’, ‘కాస్ట్ ఎ వోట్’ రెండూ ఒకే ఊహలోంచి పుట్టినట్టు ఉంటాయి. నాకు ఈ జంట చాలా ఇష్టం.

అలాగని పుట్‌ను పూర్తిగా పక్కన పెట్టకండి. తీర్మానాన్ని ఓటింగుకు పెట్టడాన్ని ‘పుట్ ఇట్ టు ద వోట్’ అంటారు. సర్వే ఒక పార్టీకి 42 శాతం ఇస్తే ‘ద పోల్ పుట్స్ దెమ్ ఆన్ 42 పర్సెంట్’ అంటారు.

ఇక ‘పోల్’. మధ్యయుగాల ఇంగ్లీషులో దీని అర్థం తల. ‘పోల్ టాక్స్’ అంటే తలకింత అని వేసే పన్ను. తలలు లెక్కపెట్టడం దగ్గర మొదలై ఓట్ల లెక్కకూ, అభిప్రాయాల లెక్కకూ చేరింది. అందుకే ఒంటరిగా ఉంటే అర్థం తేలదు, పక్కనున్న మాట చూడాలి. ‘గో టు ద పోల్స్’ అంటే ఓటు వేయడానికి వెళ్లడం. ‘ద పోల్స్ హావ్ క్లోజ్డ్’ అంటే పోలింగ్ ముగిసింది. ‘అహెడ్ ఇన్ ద పోల్స్’ అంటే మాత్రం సర్వేల్లో ముందున్నారని. సర్వే జరిపితే ‘కండక్ట్ ఎ పోల్’, డబ్బిచ్చి చేయించుకుంటే ‘కమిషన్ ఎ పోల్’. మన పత్రికల ‘పోలింగ్ శాతం’ ఇంగ్లీషులో ‘టర్నౌట్’. హై టర్నౌట్, లో టర్నౌట్ అంటే చాలు.

‘స్ట్రా పోల్’ దగ్గర కాస్త ఆగాలి. అంటే జనం మొగ్గు తెలుసుకోవడానికి చేసే అనధికార సర్వే. గడ్డిపోచను ఎగరేస్తే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది, అదీ ఊహ. మనమూ ‘గాలి ఎటు ఉంది’ అనే అడుగుతాం. కానీ పోచలు ఎన్ని ఎగరేశామన్నది కాదు, ఎక్కడ నిలబడి ఎగరేశామన్నది ముఖ్యం. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవారి జాబితాల నుంచి తీసుకోవడం, కొందరే జవాబివ్వడం అంత పని చేశాయి.

తెలుగువాళ్లం ఎక్కువగా బోల్తాపడేది ‘మెజారిటీ’ దగ్గర. లక్ష ఓట్లలో ఒకరికి 45 వేలు, ఇంకొకరికి 40 వేలు, మూడో మనిషికి 15 వేలు వచ్చాయనుకోండి. మనం 5 వేల మెజారిటీ అంటాం. బ్రిటిష్ ఇంగ్లీషులోనూ అది సరే. అమెరికన్ పాఠకుడికి మాత్రం మెజారిటీ అంటే సగానికి మించి. అతని లెక్కలో ఇక్కడ ఎవరికీ మెజారిటీ రాలేదు, మొదటివారికి ఉన్నది ‘ప్లూరాలిటీ’, అంటే సగం దాటకపోయినా అందరికంటే ఎక్కువ ఓట్లు. తేడా చెప్పాలంటే ‘వన్ బై 5,000 వోట్స్’ అని రాయండి, ఎక్కడైనా చెల్లుతుంది.

ప్రశ్న:
మద్దతు 40 శాతం నుంచి 44కి పెరిగితే ‘ఫోర్ పర్సెంట్’ పెరిగిందనవచ్చా?

జవాబు:
అనకూడదు. ‘ఫోర్ పాయింట్స్’ అనండి. 40 మీద 4 అంటే పది శాతం పెరుగుదల కదా. ఇంకో సంగతి, వెయ్యి మందిని అడిగిన సర్వేలో సుమారు 3 పాయింట్లు అటూ ఇటూ తేడా ఉండవచ్చు. దాన్ని ‘మార్జిన్ ఆఫ్ ఎర్రర్’ అంటారు. ఇద్దరి మధ్య తేడా అందులోనే ఉంటే ‘లీడింగ్’ అని రాయకండి. గుర్రప్పందేల నుంచి వచ్చిన ‘నెక్ అండ్ నెక్’ అక్కడ సరిపోతుంది. తెలుగులో అయితే ‘నువ్వా నేనా అన్నట్టుంది’ అంటాం.