కస్టమ్ పూల్ క్యూకి (ఆడే కర్రకి) సగం డబ్బు ముందే కట్టాలా? ఎన్నాళ్ళని ఎదురుచూడాలి?

ఫ్రిస్కో_బ్రేక్: అందరికీ నమస్తే. డాలస్ దగ్గర వీక్లీ లీగ్‌లో ఎయిట్‌బాల్ అనే పూల్ ఆట ఆడతాను. వేరే స్టేట్‌లో ఒక్కడే షాపు నడుపుకునే క్యూ మేకర్‌కి రెండేళ్ళ కిందట ఆర్డర్ ఇచ్చా. మొత్తం 2,400 డాలర్లు, సగం ముందే కట్టించుకున్నాడు, పది నెలల్లో ఇస్తానన్నాడు. ఇప్పుడు 25వ నెల. మెసేజ్ పెడితే మూడు వారాలకి "చెక్క ఇంకా సెట్ అవుతోంది" అని ఒక్క లైన్ వస్తుంది. పని మొదలుపెట్టకముందే అంత డబ్బు తీసుకోవడం న్యాయమేనా?

లెఫ్టీ_హ్యూస్టన్: రెడీమేడ్ కొనేసి కార్బన్ షాఫ్ట్ (బంతిని కొట్టే సన్నటి ముందు సగం) వేసుకో అన్నా, వారంలో ఇంటికొస్తుంది.

వడ్రంగి_ఇంటోడు: తమ్ముడూ, నేను ఒహాయోలో గ్యారేజీలో లేత్ పెట్టుకుని ఆరేళ్ళుగా క్యూల కొసనుండే టిప్పులు, వాటి కింద ఫెర్రూల్స్ (చిన్న తొడుగులు) మారుస్తున్నా, మా తాత, నాన్న కర్నూలు దగ్గర వడ్రంగం చేసినోళ్ళు. చెక్క సంగతి చెప్తా విను. మేపుల్ షాఫ్ట్‌ని ఒకేరోజు 13 మిల్లీమీటర్ల లావుకి చెక్కేస్తే వంకర తిరుగుద్ది. కొంచెం చెక్కి, వారాలో నెలలో వేలాడదీసి, నిటారుగా ఉందో లేదో చూసి మళ్ళీ కొంచెం చెక్కాలి. మధ్యలో వంగిందా, పక్కన పారేసి ఇంకోటి మొదటినుంచి. షాఫ్ట్ వెనకుండే భాగం, హ్యాండిల్ కూడా అంతే, ఆ పైన పూతలు, ఒక్కో పూత ఆరాలి, రుద్దాలి. లాస్ వెగాస్‌లో క్యూలు చేసే సౌత్‌వెస్ట్ క్యూస్ వాళ్ళ వెయిటింగ్ లిస్టు పదేళ్ళ పైనే నడిచిందని ఈ ఆటలో అందరికీ తెలుసు. ఎబొనీ, రోజ్‌వుడ్ ముక్కలు ఆ మేకర్ సొంత డబ్బుతో కొనిపెట్టుకోవాలి. అడ్వాన్స్ లేకపోతే ఎట్లా?

ఫ్రిస్కో_బ్రేక్: అన్నా, చెక్క ఆరడానికి టైమ్ పడుతుందని నాకూ తెలుసు. అదే తెలిసినప్పుడు పది నెలలని ఎందుకు చెప్పాడు?

నైన్‌బాల్_పద్మ: డబ్బు పేపాల్‌లో కట్టారా, బ్యాంకు నుంచి నేరుగా జెల్‌లోనా?

ఫ్రిస్కో_బ్రేక్: పేపాల్ అండీ. ఫీజు పడకుండా, సొంతవాళ్ళకి పంపినట్టు ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపమన్నాడు.

నైన్‌బాల్_పద్మ: అయ్యో. దానికి బయ్యర్ ప్రొటెక్షన్ (వస్తువు రాకపోతే డబ్బు వెనక్కిప్పించే ఏర్పాటు) ఉండదు కదా. మామూలుగా కట్టినా డబ్బు కట్టిన 180 రోజుల్లోపే డిస్ప్యూట్ వేయాలి. పది నెలల పనికి ఆరు నెలల గడువు, అంటే క్యూ రావాల్సిన రోజుకి మీ దారి మూసుకుపోయే ఉంటుంది. ఇది ఎవరూ ముందు చెప్పరు.

వడ్రంగి_ఇంటోడు: ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ అడిగాడని దొంగ అయిపోడు. ఫీజు కింద పోయే ప్రతి డాలరూ వాడి కూలీలోంచే పోద్ది.

ఫ్రిస్కో_బ్రేక్: దొంగ అని నేనెక్కడ అన్నా? ఆ ఫీజు నేనే కట్టేవాణ్ణి, అడిగితే.

వడ్రంగి_ఇంటోడు: ఇప్పుడు అందరూ ఇట్లాగే అంటారు. కిందటేడు ఒకాయన కొడుకు పేరు మొదటి అక్షరాలు పొదిగి క్యూ చేయమని నా వెంటపడ్డాడు, తెలిసినాయన కదా అని అడ్వాన్స్ అడగలా. నాలుగు నెలలు రాత్రిళ్ళు కూర్చుని చేశా, చేశాక "పిల్లాడు ఆట మానేశాడండి" అన్నాడు. వేరేవాళ్ళ అక్షరాలున్న క్యూ ఎవడు కొంటాడు? ఇప్పటికీ గోడకే ఉంది. మీ ఐటీ వాళ్ళకి అన్నీ రెండు వారాల్లో డెలివరీ అవ్వాలి, చేతిపని విలువ తెలీదు.

ఫ్రిస్కో_బ్రేక్: విలువ తెలియకనే 1,200 కట్టానా? మాటలు జాగ్రత్త అన్నా. అసలు సంగతి చెప్తా వినండి. నా తర్వాత ఎనిమిది నెలలకి ఆర్డర్ ఇచ్చిన మా టీమ్ కుర్రాడికి పోయిన నెల క్యూ వచ్చేసింది. అదే మేకర్. మొత్తం డబ్బు ఒకేసారి కట్టాడంట. లీగ్‌లో నా ముందే బాక్స్ విప్పి చూపించాడు, నేను పట్టుకుని చూసి బావుందన్నా. ఆ రాత్రి నిద్రపట్టలా. వాడి చెక్క సెట్ అయింది, నా చెక్క ఇంకా సెట్ అవుతోందా?

లెఫ్టీ_హ్యూస్టన్: ఇది మొదటే చెప్పాల్సింది అన్నా.

వడ్రంగి_ఇంటోడు: ఒంటిచేత్తో చేసేవాడికి ఇంటి అద్దె ఉంటది. ఫుల్ కట్టినోడి పని ముందు పట్టుకోవడంలో తప్పు లేదు. నువ్విచ్చింది బయానా. బయానా ఇస్తే వస్తువు నీకు ఖాయమవుద్ది, తారీఖు కాదు.

ఫ్రిస్కో_బ్రేక్: నేను బయానా అనుకుని కట్టలేదు, వరసలో నా చోటు కోసం కట్టా. ఆ చోటు ఇంకొకరికి అమ్మేస్తే నా డబ్బు రెండేళ్ళు వాడి దగ్గర ఎందుకుంది? ఒకవేళ ఆయనకేమైనా అయితే ఎవర్ని అడగాలి? గస్ జాంబోటీ అంతటి మేకర్ 1988లో పోయాడు, ఇవన్నీ ఒక మనిషి చేతుల మీద నడిచే షాపులు.

నైన్‌బాల్_పద్మ: నాకు చేసిన ఆయన లిస్టులో పేరు రాసుకుని, వంతు వచ్చాక ఫోన్ చేసి, చెక్క నాతో ఎంపిక చేయించాకే డబ్బు తీసుకున్నాడు. 14 నెలలు పట్టింది కానీ ఒక్కరోజు కూడా బాధపడలేదు.

వడ్రంగి_ఇంటోడు: అమ్మా, అలా ఫోన్ చేస్తే సగంమంది "ఇప్పుడొద్దులెండి" అంటారు.

నైన్‌బాల్_పద్మ: నిజమే, మొదటిసారి పిలిచినప్పుడు నేనూ అలాగే అన్నా. ఆయన పక్కవాళ్ళని పిలిచాడు, నష్టపోలేదు.

వడ్రంగి_ఇంటోడు: సరే, ఒకటి ఒప్పుకుంటా. వరస మారిస్తే నీకు చెప్పాలి. చెప్పకపోవడం తప్పే. అడ్వాన్స్ తీసుకోవడం మాత్రం తప్పనను.

ఫ్రిస్కో_బ్రేక్: చెప్తే సరిపోదన్నా, అడగాలి. ఫోన్‌లో, నెట్‌లో తీసుకునే ఆర్డర్లకి ఇక్కడ ఎఫ్‌టీసీ (కొనేవాళ్ళ హక్కులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) రూల్ ఉంది, చెప్పిన టైమ్‌కి పంపలేకపోతే కొత్త తారీఖు చెప్పి, ఆగుతావా డబ్బు వెనక్కి తీసుకుంటావా అని కొన్నవాణ్ణి అడగాలి. పది నెలలప్పుడు ఆ ఒక్క మాట అడిగుంటే ఆగుతాననే చెప్పేవాణ్ణి.

వడ్రంగి_ఇంటోడు: ప్రతివాణ్ణీ అడుగుతూ కూర్చుంటే లేత్ దగ్గర ఎవరుంటారు?

ఫ్రిస్కో_బ్రేక్: ఇప్పుడే మెయిల్ పెట్టా. లిస్టులో నా నంబర్ ఎంత, నా చెక్క కోశారా లేదా, ఫోటో పంపండి అని. శుక్రవారం దాకా చూసి డబ్బు వెనక్కి అడుగుతా.