నాకు బీఎఫ్‌ఎస్సీ, నాయనకు నీట్: రొయ్యల గుంటల మీద బతికే ఇంటి అమ్మాయి ఏ దారి పట్టాలి?

తోటపల్లిగూడూరు విద్యార్థిని (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. మాది తోటపల్లిగూడూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. మా నాయన కొద్దిపాటి సొంత పొలంలో వరి, కౌలుకు తీసుకున్న గుంటల్లో వనామీ రొయ్య సాగు చేస్తారు. ముత్తుకూరు మత్స్య కళాశాలలో బీఎఫ్‌ఎస్సీ (నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీ) చదవాలని, తరువాత జలచరాల వ్యాధుల మీద పై చదువు చదివి ఎప్పటికైనా సొంతంగా పరీక్షాశాల పెట్టుకోవాలని నా కోరిక. ఇంట్లో ఈ మాట ఎత్తితే చాలు, అన్నం దగ్గర కూడా ఎవరూ నోరు విప్పడం లేదు.

నాయనకు నన్ను డాక్టరుగా చూడాలని ఉంది. ఈసారి నీట్‌లో సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగుకు పంపుతానని, అప్పు చేసైనా ఫీజు కడతానని అంటున్నారు. "రొయ్యల్లో పోగొట్టుకున్నది చాలదా, నువ్వు కూడా అందులోకే దిగుతావా?" అని ఆయన అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆయన ఊరికే అనడం లేదు. వైట్ స్పాట్ అనే వైరస్ రోగం వచ్చి ఒక పంటను సగం వయసులోనే పట్టేయవలసి వచ్చింది. ఆ తరువాతి పంట చేతికొచ్చే వేళకు, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచడంతో ధర పడిపోయి, మేతకు పెట్టిన డబ్బు కూడా తిరిగి రాలేదు.

నాకు ఈ చదువు మీద మనసు పడింది కూడా ఆ వైట్ స్పాట్ రోజుల్లోనే. శాంపిల్ ఇచ్చిన పరీక్షాశాలలో పనిచేసే ఒక అక్క, రొయ్య తలమీది డొప్పను ఒలిచి వెలుతురుకు ఎత్తిపట్టి, దాని లోపలి వైపు సున్నం చిలకరించినట్టు ఉన్న తెల్లని చుక్కలను నాకు చూపించింది. ఈ మచ్చలు కంటికి కనబడే సరికే ఆలస్యమైపోతుందని, పీసీఆర్ పరీక్ష అయితే సీడ్‌ను, అంటే రొయ్య పిల్లలను, గుంటలో వదలకముందే వైరస్ ఉన్నదీ లేనిదీ చెప్పేస్తుందని ఆమె వివరించింది. ఆ పని నేను చేయగలననిపించింది.

ఈ చదువు తరువాత నిజంగా ఏ ఉద్యోగాలు ఉంటాయి? "ఆడపిల్లకు గుంటల మీద పనేమిటి?" అంటున్న మా మేనత్తకు ఏమని చెప్పాలి? అన్నిటికంటే ముఖ్యంగా, నాయనను నొప్పించకుండా ఎలా ఒప్పించాలి? ఈ రంగంలో ఉన్నవారు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని కోరుతున్నాను.

ముత్తుకూరు పూర్వ విద్యార్థి:

చెల్లెమ్మా, నేను ఆ కళాశాలలోనే చదివి ఇప్పుడు రొయ్య పిల్లలను పుట్టించే ఒక హేచరీలో పనిచేస్తున్నాను. మీ నాయన భయాన్ని మీరు ఇంకొంచెం దగ్గరగా చూడాలి. ఆయన భయపడుతున్నది రొయ్యను చూసి కాదు, కౌలును, అప్పును చూసి. కౌలు రైతు పంట పండినా ఎండినా కౌలు కట్టాలి, మేత బాకీ తీర్చాలి, కరెంటు బిల్లు కట్టాలి, తన చేతిలో లేని ధరకు సరుకు అమ్మాలి. బీఎఫ్‌ఎస్సీ చదివిన మనిషి ఈ భారం నెత్తిన పెట్టుకోవలసిన అవసరం లేదు. అదే రంగంలో ఉంటూ జీతానికి పనిచేయవచ్చు, నష్టపోయిన రైతు ఎందుకు నష్టపోయాడో చెప్పే పనిలో ఉండవచ్చు. ఇంట్లో మీ చదువును, గుంటలో పెట్టుబడిని ఒకే గాటన కట్టి మాట్లాడుకుంటున్నారు కాబట్టే మాట ముందుకు సాగడం లేదని నాకనిపిస్తోంది.

రొయ్య ప్రయాణం గుంటలో మొదలు కాదన్న సంగతి మీ ఇంట్లో తెలిసే ఉంటుంది. విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలను చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించిన తరువాతే హేచరీలకు పంపుతారు. హేచరీలో గుడ్డు నుంచి నాప్లీ, జోయియా, మైసిస్ దశలు దాటి సీడ్ అయ్యేదాకా ట్యాంకుల దగ్గర రాత్రింబవళ్లు మనిషి ఉండాలి. జోయియా దశలో ఆల్గే మేత ఒక పూట అందకపోతే తెల్లారేసరికి ట్యాంకు సగం ఖాళీ అయి ఉంటుంది. అక్కడి నుంచి సీడ్ పరీక్షలు, మేత తయారీ, గుంటల్లో నీటి పరీక్షలు, పట్టుబడి తరువాత ప్రాసెసింగ్, ఎగుమతికి ముందు నిషేధిత యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష, ఇలా ప్రతి మజిలీలోనూ ఈ చదువు చదివినవారికి పని ఉంటుంది.

ప్రభుత్వం వైపు చూస్తే, ఏపీపీఎస్సీ ద్వారా మత్స్యశాఖలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసరు ఉద్యోగాలు భర్తీ అవుతాయి గాని, ప్రకటన ఎప్పుడు వస్తుందో నమ్మకం ఉండదు. చాలామందికి తెలియని దారి బ్యాంకులది: ఐబీపీఎస్ నిర్వహించే అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసరు పరీక్షకు వ్యవసాయ పట్టభద్రులే కాదు, నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీ ఉన్నవారు కూడా అర్హులు. పరిశోధన మీద ఆసక్తి ఉంటే ముంబైలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థలో ఎంఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్రంలో పీజీ) చేయవచ్చు. మీరు కోరుకుంటున్న రొయ్య వ్యాధుల మీదే పనిచేసే జాతీయ సంస్థ, ఉప్పునీటి సాగు పరిశోధన కేంద్రం సీబా, నెల్లూరు నుంచి రైలెక్కితే కొద్ది గంటల దూరంలో చెన్నైలోనే ఉంది.

మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. ప్రైవేటు హేచరీలో, ల్యాబులో తొలి జీతం చూసి మీ బంధువులు పెదవి విరుస్తారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగంతో పోల్చుకుంటే మీకే చిన్నతనంగా అనిపించవచ్చు. మూడు నాలుగేళ్ల అనుభవం వచ్చాక పరిస్థితి మారుతుంది, అదీ పని నేర్చుకున్నవారికే. పరిశ్రమ ఒడిదొడుకులు జీతగాళ్లనూ తాకుతాయి. సుంకాలు పెరిగినప్పుడు రైతులు గుంటల్లో సీడ్ వదలడం తగ్గించారు, దానితో మా హేచరీలో కొన్ని ట్యాంకులు ఖాళీగా పడి ఉన్నాయి. అయినా ఈ రంగం పడి లేవడం కొత్త కాదు. 1990ల నడుమ ఇదే వైట్ స్పాట్ మన తీరంలో టైగర్ రొయ్య సాగును ఊడ్చిపెట్టింది. 2009లో వనామీకి అనుమతి ఇచ్చినప్పుడు, నిర్దేశిత రోగాలు లేని తల్లి రొయ్యలు, క్వారంటైన్, సీడ్ పరీక్షలు వంటి కట్టుబాట్లతో సాగు మళ్లీ నిలదొక్కుకుంది. ఆ కట్టుబాట్లన్నీ మీరు చదవాలనుకుంటున్న శాస్త్రం నుంచి వచ్చినవే. ఈ మాట మీ నాయనకు మీకంటే బాగా తెలిసి ఉండవచ్చు, అడిగి చూడండి.

ఇందుకూరుపేట రైతు:

అమ్మా, మీ నాయన వయసు వాడిని, ఆయనలాగే గుంటలు చేస్తున్నవాడిని. నా కొడుకు ఇదే మాట అంటే నేనూ అలాగే కసురుకునేవాడినేమో. కాని సొంత పరీక్షాశాల అన్న మీ ఆలోచన గురించి ఒక మాట చెప్పాలి. మా గుంటల మీదికి వచ్చే టెక్నీషియన్లలో చాలామంది మేత కంపెనీల తరఫునో, మందుల కంపెనీల తరఫునో వచ్చేవారు. నీరు చూస్తారు, మేత తిన్నదీ లేనిదీ తెలిపే చెక్ ట్రే ఎత్తి చూస్తారు, రొయ్య పేగు నిండుగా ఉందో లేదో చూస్తారు, సలహాకు పైసా తీసుకోరు. చివరికి కాగితం మీద రాసేది మాత్రం వారి కంపెనీ డబ్బా పేరే. రొయ్య పేగు తెల్లబడే వైట్ గట్ జబ్బు వచ్చినప్పుడు ఒకరు చెప్పింది ఇంకొకరు కొట్టిపారేస్తే రైతు రెండు మందులూ కొని రెండూ చల్లుతాడు. ఏ మందూ అక్కర్లేదు, మేత తగ్గించి, నీరు మార్చి, రెండు రోజులు ఆగు అని చెప్పేవారు లేరు, ఎందుకంటే ఆ సలహాలో అమ్మడానికి ఏమీ లేదు. ఏమీ అమ్మకుండా పరీక్షకు మాత్రమే డబ్బు తీసుకుని నిజం చెప్పే ల్యాబు మా చుట్టుపక్కల ఉంటే, నేనే కాదు, మా ఊళ్లో పది మంది వస్తారు. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి సోకి రొయ్య ఎదగకుండా ఉండిపోయినప్పుడు మేత పోస్తూ కూర్చోవాలా, పట్టేయాలా అన్నది చెప్పగల మనిషి విలువ మాకు తెలుసు. మీ నాయనతో ఉద్యోగాల జాబితా కాకుండా ఈ సంగతి మాట్లాడండి.

ఒంగోలు విశ్రాంత అధ్యాపకుడు:

నేను జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. పై రెండు జవాబులనూ గౌరవిస్తూనే కొంచెం భిన్నంగా చెప్పదలచుకున్నాను. ఇక్కడ నీటా, బీఎఫ్‌ఎస్సీయా అని తగవు పడుతున్నారు గాని, పరీక్షల వరకు చూస్తే ఆ తగవుకు చోటే లేదు. బీఎఫ్‌ఎస్సీ ప్రవేశానికి రాయవలసిన ఈఏపీసెట్‌లో వృక్షశాస్త్రం 40, జంతుశాస్త్రం 40, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40 ప్రశ్నలు వస్తాయి. నీట్‌లోనూ ఇవే సబ్జెక్టుల నుంచి 180 ప్రశ్నలు వస్తాయి. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోయరు, నీట్‌లో కోస్తారు, కాబట్టి రాసే తీరు మార్చుకోవాలి తప్ప చదువు ఒకటే. ఈ ఏడు రెండూ శ్రద్ధగా రాయండి. తండ్రి మాట విన్నట్టూ ఉంటుంది, మీ తలుపూ మూసుకుపోదు. నేను అభ్యంతరం చెప్పేదల్లా లాంగ్‌టర్మ్ మీదే. సీటుకు అంగుళం దూరంలో ఆగిపోయిన పిల్లలకు అది ఉపయోగపడవచ్చు. డాక్టరు కావాలన్న కోరికే లేని పిల్లను, తండ్రి అప్పు చేసి హాస్టలు గదిలో ఏడాది కూర్చోబెడితే ఏమవుతుందో నా ఉద్యోగ జీవితంలో చాలాసార్లు చూశాను.

ఇంకొక సంగతి. బీఎఫ్‌ఎస్సీ సీట్లు తక్కువ. ర్యాంకు అందకపోతే ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. గ్రామీణ విద్యార్థులకు, వ్యవసాయ కుటుంబాల పిల్లలకు వర్తించే నిబంధనలు ఆ ఏటి ప్రవేశ ప్రకటనలో ఎలా ఉన్నాయో అక్షరం వదలకుండా చదవండి, కావలసిన ధ్రువపత్రాలు ముందే తెచ్చిపెట్టుకోండి. అప్పటికీ రాకపోతే సాధారణ బీఎస్సీలో జంతుశాస్త్రమో, సూక్ష్మజీవశాస్త్రమో తీసుకుని, తరువాత ఎమ్మెస్సీ ఆక్వాకల్చర్ వైపు రావచ్చు. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు ఉంది. అయితే ఎంఎఫ్‌ఎస్సీకి బీఎఫ్‌ఎస్సీ పట్టాయే కావాలన్నది మరచిపోకూడదు, ఈ రెండు దారులు ఒకే చోటికి చేర్చవు. పరీక్షాశాలలో పనిచేయడానికి మాత్రం రెండోదీ పనికి వస్తుంది. మా జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులుగారు ముందు సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా రాజమండ్రిలో నిలదొక్కుకుని, ఆ తరువాతే ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యారు. మొదటి మెట్టు చిన్నదైందని ఆయన ప్లీడరీ మానుకోలేదు.

సింగరాయకొండ క్వాలిటీ ఉద్యోగిని:

మీ మేనత్తగారి ప్రశ్నకు జవాబు నేను చెబుతాను. నేను ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. ప్లాంటులో తల తీసేవారు, పొట్టు ఒలిచేవారు, గ్రేడింగ్ చేసేవారు దాదాపు అందరూ ఆడవారే. పైనున్న కుర్చీలకు వచ్చేసరికి మగవారి సంఖ్య పెరుగుతుంది. ఆడపిల్లకు రొయ్యల్లో పనేమిటని అడిగేవారు ఒలిచే బల్ల దగ్గర ఆడవారిని చూసి ఎన్నడూ ఆ ప్రశ్న అడగలేదు, చదువుకుని మైక్రోస్కోపు దగ్గర కూర్చుంటామన్నప్పుడే వారికి అనుమానం వస్తోంది. కష్టాలు లేకపోలేదు. సరుకు వచ్చినప్పుడు రాత్రి షిఫ్టు తప్పదు, చల్లని గదుల్లో గంటల తరబడి నిలబడాలి, రవాణా సౌకర్యం, ఉండే వసతి సరిగా ఉన్న సంస్థనే చూసుకుని చేరాలి. హేచరీలు ఊరికి దూరంగా సముద్రపు ఒడ్డున ఉంటాయి కాబట్టి అక్కడ చేరే ముందు ఈ సంగతులు మరీ గట్టిగా అడగాలి. పరీక్షాశాల పని వీటన్నిటికంటే వేళ ప్రకారం సాగుతుంది.

తోటపల్లిగూడూరు విద్యార్థిని:

అందరికీ కృతజ్ఞతలు. ఇందుకూరుపేట పెదనాన్నగారి జవాబును నిన్న రాత్రి నాయనకు చదివి వినిపించాను. మందుల డబ్బాల దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వి, "ఆయన చెప్పింది అబద్ధం కాదు" అన్నారు. బీఎఫ్‌ఎస్సీకి ఒప్పుకోలేదు గాని, రెండు పరీక్షలూ రాయడానికి ఒప్పుకున్నారు. లాంగ్‌టర్మ్ మాట ఫలితాలు వచ్చాక చూద్దామన్నారు. పరీక్షలయ్యాక సెలవుల్లో ఒక హేచరీనో, ల్యాబునో దగ్గరుండి చూడాలని ఉంది. బయటివారిని లోపలికి రానిస్తారా?

ముత్తుకూరు పూర్వ విద్యార్థి:

హేచరీలో సీడ్ ట్యాంకుల దగ్గరికి బయటివారిని రానివ్వరు, బయటి నుంచి రోగం లోపలికి వస్తుందని వారి జాగ్రత్త. మీ ఇంట్లో గుంటలు ఉన్నాయి కాబట్టి ఆ నీరు తగిలిన చెప్పులతో, బట్టలతో వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు, అది తప్పుగా అనుకోకండి. పరీక్షాశాల అయితే ముందుగా అడిగితే చూపిస్తారు. శాంపిళ్లు ఎక్కువగా ఉదయం వస్తాయి కాబట్టి ఆ వేళకు వెళ్లి, ఒక శాంపిల్ చేతికి వచ్చినప్పటి నుంచి రిపోర్టు రాసేదాకా జరిగే పని పూర్తిగా చూడండి. గంటల తరబడి ఒకే పనిని ఒకే శ్రద్ధతో చేయడం మీకు విసుగు పుట్టిస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. వీలైతే మీ నాయనను కూడా వెంట తీసుకువెళ్లండి. రిపోర్టు తేడా వస్తే రైతు ఏం అడుగుతాడో ఆయన అడుగుతారు, దానికి ఆ ల్యాబు వారు ఏం జవాబు చెబుతారో మీరు వినవచ్చు.