సముద్రానికి దగ్గరలో ఉన్న ఇంటిని ఎలా కాపాడుకోవాలి?

విశాఖపట్నం పెదజాలరిపేటలో మా నాన్నగారు కట్టించిన చిన్న డాబా ఇల్లు ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కిటికీలను ఊడబెరికినా గోడలు నిలిచాయి. ఇప్పుడు మాత్రం ఉప్పుగాలికి శ్లాబులోని ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బడంతో కాంక్రీటు పెచ్చులుగా రాలుతున్నది, అలలు పోటెత్తిన రోజుల్లో నీరు వీధి మొగదాకా వస్తున్నది. అడ్డంగా రాతిగోడ కట్టుకోమని కొందరు సలహా ఇస్తున్నారు. అయితే అటువంటి గోడకు కొట్టుకుని వెనుదిరిగే అల దాని పాదం వద్ద ఇసుకను తోడేసి, కోతను పక్కవారి వైపు నెడుతుందని చదివాను. పైగా సీఆర్‌జడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) నిబంధనల కింద అనుమతి లేకుండా కట్టడం కుదరదు. ఇరుగుపొరుగును ముంచి నా ఇల్లు నిలుపుకోవడం నాకు ఇష్టం లేదు (మా వీధిలో సగం మంది బంధువులే). చువ్వలను శుభ్రం చేయించి, తుప్పు పట్టని పూత వేయించి, శ్లాబును మరమ్మతు చేయిస్తే చాలునా, లేక అనుమతి తీసుకుని ఎత్తయిన స్తంభాల మీద తిరిగి కట్టుకోవడమే మేలా? తీరంలో ఇటువంటి పని చేయించినవారు ఖర్చు, మన్నిక గురించి దయచేసి తెలియజేయగలరు.