విజ్ఞాన యాత్ర బిల్లులు అడిగితే "వ్యక్తిగత సమాచారం" అన్నారు. అప్పీలు ఎలా రాయాలి?

మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న మున్సిపాలిటీ. మా వీధి కాలువలో పూడిక తీయమంటే నిధుల్లేవంటారు. కౌన్సిలర్లు మాత్రం "విజ్ఞాన యాత్ర" అని విమానమెక్కి వారం రోజులు తిరిగొచ్చారు. ఆ విజ్ఞానం ఇంకా మా కాలువ దాకా రాలేదు.

సమాచార హక్కు చట్టం కింద ప్రయాణ టికెట్లు, హోటల్ బిల్లులు, కౌన్సిల్ తీర్మానం నకళ్లు అడిగాను. సరిగ్గా 29వ రోజున జవాబొచ్చింది: సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం. డబ్బు మున్సిపాలిటీది అయినప్పుడు బిల్లు వ్యక్తిగతం ఎలా అవుతుందండీ?

నాకు తెలిసినంతలో, 2023 డేటా రక్షణ చట్టం ఈ సెక్షన్‌ను మార్చి, అందులో ఉన్న ప్రజా ప్రయోజనం మాటను తీసేసింది. కానీ హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చనే సెక్షన్ 8(2) అలాగే ఉంది కదా. దాన్ని పట్టుకుని మొదటి అప్పీలు వేస్తే నిలుస్తుందా? ఫోన్, ఆధార్ నంబర్లు కొట్టేసి మిగతావి ఇవ్వమని సెక్షన్ 10 కింద అడగొచ్చా?

ఇంకొకటి. బిల్లులు వదిలేసి, ఈ యాత్ర మీద ఆడిట్ అభ్యంతరాల నకలు అడిగితే తేలిగ్గా వస్తుందని ఒకాయన అన్నారు. అలా తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అప్పీలుకు ఉన్న 30 రోజుల్లో 12 మిగిలాయి. టెన్షన్‌గా ఉంది. మీరు రాసిన అప్పీలు ఉంటే, పేర్లు తీసేసి నమూనా పెట్టగలరా?